బెర్నార్డ్ షా విన్న లండన్



బెర్నార్డ్ షా పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి నాటకాలు. 'పిగ్మేలియన్', 'సెయింట్ జోన్', 'ఆర్మ్స్ అండ్ ది మ్యాన్'. కాలేజీలో పాఠంగా చదువుకున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. పొడుగాటి తెల్లగడ్డం, శాకాహారం, 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా గుర్తుంటాయి. ఆ నాటకాలు రంగస్థలం ఎక్కకముందు ఆయనకు అన్నం పెట్టింది సంగీతం. లండన్‌లో కచేరీలకూ ఆపెరాలకూ వెళ్లి, విన్నదాన్ని వారం వారం పత్రికలో రాసి, వచ్చిన డబ్బుతో రోజులు నెట్టుకొచ్చాడు.

ఆ షా మీద నేను రాసిన రెండు పుస్తకాలు ఈమధ్యే వెలువడ్డాయి. ఒకటి సంగీత విమర్శకుడిగా ఆయన జీవిత చరిత్ర. రెండోది ఆయన సమీక్షల్లోంచి ఏరి తెలుగు చేసిన సంపుటం. వాటిని పరిచయం చేయమని రేడియోవారు పిలిచారు, సంతోషంగా వచ్చాను. పుస్తకం రాసినవాడు దాన్ని చదవమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదని నా ఉద్దేశం. ఎందుకు చదవాలో చెప్పగలిగితే చాలు.

130 ఏళ్ల కిందట, మనం ఎన్నడూ వినని గొంతుల గురించి, మనకు అంతగా అలవాటు లేని సంగీతం గురించి రాసిన సమీక్షలు తెలుగులో ఎందుకండీ అని నన్ను ఇప్పటికే చాలామంది అడిగారు. నా జవాబు ఇదీ. సంగీతం రానివాడు ఆసక్తిగా చదివేలా, వచ్చినవాడు తేలిగ్గా కొట్టిపారేయలేనట్టుగా పాట గురించి రాయవచ్చునని షా రాసి చూపించాడు. ఆ పని మన భాషలో జరగవలసినంత జరగలేదు. జరిగితే చూడాలని నాకు చాలా ఆశ.

షా 1856 జులై 26న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. తాగుడు అలవాటు, వ్యాపారం అంతంతమాత్రం. తల్లిది మంచి గొంతు. ఆమెకు పాట నేర్పిన గురువు పేరు జార్జ్ జాన్ లీ. డబ్లిన్‌లో ఔత్సాహికులను పోగుచేసి కచేరీలూ ఆపెరాలూ నడిపించిన దిట్ట. కొన్నాళ్లకు ఆయన, షా కుటుంబం ఒకే ఇంట్లో కాపురం పెట్టారు. రిహార్సళ్లు ఆ ఇంట్లోనే. పిల్లవాడిని కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పలేదు. మంగళవాద్యం వాయించేవాళ్ల ఇంటి పక్కన పెరిగిన పిల్లవాడికి రాగాల పేర్లు తెలియకుండానే రాగాలు వంటబట్టినట్టు, షాకు హాండెల్, మోట్సార్ట్, బీథోవెన్, రొస్సీని, వెర్డి వంటబట్టారు. పదిహేనేళ్లు రాకముందే వాళ్ల పెద్ద రచనలు కొన్నింటిని మొదటినుంచి చివరిదాకా ఈలవేసి వినిపించగలిగేవాడినని తర్వాత రాసుకున్నాడు.

1873లో లీ లండన్‌కు మకాం మార్చాడు. ఆ ఏడే తల్లి కూడా కూతుళ్లను తీసుకుని లండన్ వెళ్లిపోయింది. షా తండ్రి దగ్గర మిగిలిపోయాడు. పగలు భూముల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా పని, సాయంత్రం పాట లేని ఇల్లు. పియానో మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పాట లేకుండా ఉండలేక, కీబోర్డు బొమ్మ ఉన్న చిన్న పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి తనంతట తానే వాయించడం మొదలుపెట్టాడు. మనకు సరళీ వరసలు ఉన్నట్టే అక్కడా వేళ్ల సాధనకు పాఠాలుంటాయి. వాటి జోలికి పోకుండా నేరుగా మోట్సార్ట్ 'డాన్ జొవానీ' ఆపెరా ప్రారంభ సంగీతం ముందు పెట్టుకున్నాడు. అందులో మొట్టమొదట కలిపి మోగించాల్సిన స్వరాల మీద వేళ్లు కుదురుగా నిలవడానికే పది నిమిషాలు పట్టింది. అవి సరిగ్గా మోగిన క్షణాన పడిన శ్రమంతా మరిచిపోయాడు. షా గొప్ప వాయిద్యకారుడు ఎప్పుడూ కాలేదు. కానీ ఆ పది నిమిషాలు ఆయన రాసిన ప్రతి సమీక్షలోనూ ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఒక స్వరం సరిగ్గా పలకడం వెనక ఎంత పని ఉందో వేళ్లకు తెలిసిన మనిషి రాసే తీరు వేరుగా ఉంటుంది.

1876లో షా కూడా లండన్ చేరాడు. 'హార్నెట్' అనే చిన్న వారపత్రికకు లీ సంగీత విమర్శకుడు. రాసింది మాత్రం షా. పేరు గురువుది, కలం శిష్యుడిది. తర్వాత వరసగా ఐదు నవలలు రాశాడు. లండన్ ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో ఆయన పగళ్లన్నీ బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలోనే గడిచాయి.

ఆ గదిలో విలియం ఆర్చర్ అనే పాత్రికేయుడి కంట పడ్డాడు. పాలిపోయిన ముఖం, ఎర్రటి గడ్డం ఉన్న కుర్రవాడు ఒకడు రోజూ అదే చోట కూర్చుంటున్నాడు. వాడి ముందు రెండు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి మార్క్స్ రాసిన 'పెట్టుబడి', ఫ్రెంచి అనువాదం. రెండోది వాగ్నర్ ఆపెరా 'ట్రిస్టన్ అండ్ ఇసోల్డె' స్వరలిపి. కాసేపు ఇది, కాసేపు అది చదువుతున్నాడు. ఈ జోడీ ఏమిటా అని ఆర్చర్‌కు కుతూహలం పుట్టి పరిచయం చేసుకున్నాడు. షాకు పత్రికల్లో పని దొరకడానికి ఆ పరిచయమే దారి చూపింది. మొదటి పుస్తకంలో ఈ ఘట్టానికి ఒక అధ్యాయమే ఇచ్చాను. షా జీవితమంతా ఆ బల్లమీద తెరిచి ఉన్నట్టే నాకు కనిపిస్తుంది మరి. 1898లో వాగ్నర్ మీద ఆయన రాసిన 'ది పర్ఫెక్ట్ వాగ్నరైట్' చదివితే ఆ రెండు పుస్తకాలూ ఒకే పుస్తకంగా కలిసిపోవడం చూస్తాం. వాగ్నర్ ఆపెరాలో బంగారం కోసం ప్రేమను వదులుకున్న మరుగుజ్జు కథలో షాకు వినిపించింది ఫ్యాక్టరీ యజమాని కథ. వాగ్నర్ భక్తులకు అది మింగుడు పడలేదు. కానీ కథ చెప్పి, రంగం చూపించి, ఫలానా చోట వాద్యాలు ఇలా ఎందుకు మోగుతాయో మామూలు మనిషికి విడమరిచి చెప్పిన తీరుకు ఈ రోజుకీ సాటి లేదు.

1888 జనవరిలో లండన్‌లో 'ద స్టార్' అనే సాయంకాల పత్రిక మొదలైంది. ధర అర పెన్నీ. పెట్టినవాడు టి.పి. ఓ'కానర్, ఐరిష్ రాజకీయ నాయకుడు. షాను రాజకీయ వ్యాఖ్యలు రాయడానికి తీసుకున్నారు. షా ఫేబియన్ సోషలిస్టు; పత్రిక లిబరల్ పార్టీది. ఆ పొత్తు ఎక్కువ రోజులు నిలవలేదు. ఈ మనిషి సంగీతం గురించి రాసుకుంటే పార్టీకి ఇబ్బంది ఉండదని అనుకున్నట్టున్నారు. 1889 ఫిబ్రవరి నుంచి ఆ కాలమ్ షాది అయ్యింది. వారానికి రెండు గినీలు. తన సొంత పేరుకు అప్పట్లో విలువ లేదు కాబట్టి 'కోర్నో ది బసెట్టో' అని సంతకం పెట్టాడు. మోట్సార్ట్ 'రిక్వియమ్'లో మోగే ఒక పాత గాలివాద్యం పేరది. చదివేవాళ్లు ఎవరో విదేశీ ప్రభువనుకోవాలని ఎంచుకున్న పేరు. 1890 మే నెలలో 'ద వరల్డ్' అనే వారపత్రికకు మారాడు. అక్కడ వారానికి ఐదు పౌండ్లు, సంతకం జి.బి.ఎస్. లోకమంతా తర్వాత ఎరిగిన ఆ మూడక్షరాలకు లండన్‌లో పేరు తెచ్చినవాటిలో ఈ సంగీత సమీక్షలు ముందు వరసలో ఉంటాయి. 1894 ఆగస్టు దాకా అక్కడే రాశాడు.

ఐదున్నరేళ్ల రాత. ఆ రాతలో ఏముందో మూడు చోట్ల దగ్గరగా చూపిస్తాను.

మొదటిది 1893 మే నెలలో రాసింది. ఆ రోజుల్లో కచేరీలకు వచ్చినవారికి ఒక కాగితం పంచేవారు. ఈ రాత్రి వాయించబోయే రచనలో మొదటి భాగం ఫలానా శ్రుతిలో మొదలై, ఫలానా శ్రుతిలోకి తిరిగి, ఇన్ని ఆవర్తాల తర్వాత రెండో భాగం వస్తుంది అంటూ పరిభాషతో నిండిన విశ్లేషణ. పత్రికల్లో పండితులు రాసే సమీక్షలూ అదే దారి. షాకు అది భరించరానిదిగా తోచింది. ఒక పని చేశాడు. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ రాకుమారుడు బతకడమా, చావడమా అని తనలో తాను మథనపడే ప్రసిద్ధ ఘట్టాన్ని తీసుకుని, సంగీత పండితులు స్వరరచనను విప్పినట్టే దాన్ని విప్పాడు. కవి ముందుమాట లేకుండానే విషయం ఎత్తుకున్నాడట. క్రియను ఫలానా రూపంలో వాడాడట. వెంటనే దానికి వ్యతిరేక రూపం వచ్చిందట. ఆ తర్వాత ఒక విరామ చిహ్నం. ఆ పైన సర్వనామం మీద ఊనిక. అక్కడికి మొదటి వాక్యం ముగిసింది. ప్రతి ముక్కా నిజమే. వ్యాకరణంలో ఎక్కడా పొరపాటు లేదు. రాకుమారుడు చావు గురించి ఆలోచిస్తున్నాడన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. సంగీతం గురించి మీరు రాస్తున్నది ఇలాగే ఉంది, చూసుకోండి అన్నాడు షా.

ఈ వ్యాసం తెలుగు చేస్తుంటే మన పత్రికల్లో వచ్చే కచేరీ వార్తలే కళ్లముందు మెదిలాయి. వర్ణంతో కచేరీ ప్రారంభించి, ఫలానా రాగాన్ని విస్తారంగా ఆలపించి, ఫలానా కృతిని నెరవు, స్వరకల్పనలతో రక్తి కట్టించి, తిల్లానాతో ముగించారు. వయొలిన్‌పై ఫలానావారు, మృదంగంపై ఫలానావారు చక్కని సహకారం అందించారు. శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు. ఇందులో విద్వాంసుడి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టండి. ఊరు మార్చండి. వార్త అలాగే నిలుస్తుంది. ఆ సాయంత్రం ఆ గొంతులో ప్రత్యేకంగా ఏం జరిగింది? పై షడ్జం మీద నిలిచినప్పుడు గొంతు నిండుగా ఉందా, సన్నబడిందా? నెరవుకు ఎంచుకున్న పాదం అర్థంతో కలిసి పెరిగిందా, మాటలు తెగి అక్షరాలు మిగిలాయా? మృదంగం ఎక్కడ తగ్గి పాటను ముందుకు రానిచ్చింది? వినడానికి రాలేకపోయిన మనిషి తెలుసుకోవాలనుకునేవి ఇవే కదా. రాసేవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు పత్రిక ఇచ్చే చోటు మూడంగుళాలు, ఇచ్చే గడువు ఒక రాత్రి. షాకు పేజీ ఇచ్చారు, వారం ఇచ్చారు, ఏం రాసినా అచ్చు వేస్తామన్న ధైర్యం ఇచ్చారు. 'ద వరల్డ్' సంపాదకుడు ఎడ్మండ్ యేట్స్ పేరు నా పుస్తకంలో పదే పదే రావడానికి కారణం అదే. మంచి విమర్శకుడి వెనక నిలబడే సంపాదకుడు ఒకడు ఉండాలి.

రెండోది యోయాఖిమ్ కచేరీ. యోసెఫ్ యోయాఖిమ్ ఆనాటి యూరప్‌లో వయొలిన్ అంటే ముందు చెప్పుకునే పేరు. బ్రామ్స్‌కు స్నేహితుడు, బీథోవెన్ వయొలిన్ కన్చెర్టోను లోకం నెత్తిన పెట్టుకునేలా చేసినవాడు. 1890లో లండన్‌లో బాఖ్ రచన ఒకటి ఒంటి వయొలిన్‌తో వాయించాడు. నాలుగు తీగల మీద అనేక గొంతులు ఒకేసారి నడిపించవలసిన మహా కష్టమైన రచన. షా విన్నది గరగరమనే రాపిడి. శ్రుతి కూడా నిలకడగా లేదు. అదే రాశాడు. దాని తర్వాత రాసింది నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. ఆ వాయించినది పేరులేని కుర్రవాడైతే హాలు ఊరుకునేది కాదు. ఆ మనిషి జీవితం, ఆయన నిష్ఠ, ఆయన పెద్దరికం చూసి మేమందరం ఇది మహత్తరమని ప్రమాణం చేయడానికి సిద్ధంగా కూర్చున్నాం అన్నాడు. ఆ 'మేము'లో తనను కలుపుకున్నాడు.

మనకు ఇది చాలా దగ్గరి విషయం. పెద్ద విద్వాంసుడి కచేరీకి మనం వెళ్లేది చెవులతో మాత్రమే కాదు, భక్తితో కూడా. ఆ భక్తి మంచిదే, మన సంగీతం దానిమీదే నిలిచింది. అయితే శ్రుతి తప్పిన రోజున తప్పిందని రాసే మనిషి ఒకడు ఉన్నప్పుడే, బాగా పాడిన రోజున బాగుందని అతను రాసిన మాటకు బరువుంటుంది. షాను చదివి కోపం తెచ్చుకున్న కళాకారులు బోలెడంతమంది. వ్యక్తిగత ఆవేశంతో రాస్తాడని నింద. ఆ నిందను ఆయన తోసిపుచ్చలేదు. ఆవేశం లేకుండా రాసిన విమర్శ చదవదగింది కాదన్నాడు. చేతనైనంత బాగా చేయనివాడు తనకు శత్రువులా కనిపిస్తాడని, బాగా చేసినవాడి ముందు తన మనసు కరిగిపోతుందని ఒప్పుకున్నాడు. నేను ఈ మాటను పూర్తిగా నమ్ముతాను. సంగీతాన్ని ప్రాణంగా చూసుకునేవాడికి దాన్ని నిర్లక్ష్యంగా పాడితే నొప్పి పుడుతుంది. ఆ నొప్పి కాగితం మీద కనిపించాలి.

మూడోది హాండెల్. ఇంగ్లండులో హాండెల్ 'మెసయా' అంటే దాదాపు మతాచారం. క్రిస్టల్ ప్యాలెస్ అనే బ్రహ్మాండమైన గాజు భవనంలో మూడేళ్లకోసారి హాండెల్ ఉత్సవం జరిగేది. గాయకులే వేలల్లో ఉండేవారు. అంతమంది కలిసి పాడితే ఒక్క మాటా తేటగా వినిపించదు. వేగంగా సాగాల్సిన చోట అడుగు కదలదు. 1891లో షా ఒక ప్రశ్న వేశాడు. ఈ వేల గొంతుల మీద పోసే డబ్బులో కొంత పెట్టి, పని తెలిసిన ఇరవై మంది గాయకులతో, నిజంగా సాధన చేయించి, 'మెసయా'ను ఎవరైనా ఎందుకు వినిపించకూడదు? తాము చచ్చేలోగా ఒక్కసారైనా ఆ రచనను సరిగ్గా వినాలని చాలామంది కోరుకుంటున్నారని రాశాడు. అప్పట్లో వినేవాడు లేడు. ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో పాత సంగీతాన్ని పాత పద్ధతిలో, చిన్న బృందాలతో, ఆ కాలపు వాద్యాలతో పాడటం ఒక ఉద్యమంగా మారింది. ఇవాళ ఏ రికార్డుల షాపు జాబితా చూసినా చిన్న బృందాల 'మెసయా' కనిపిస్తుంది. షా చెవి దాన్ని అరవై, డెబ్భై ఏళ్ల ముందే విన్నది. ల్యూట్, వయోల్, క్లావికార్డ్ లాంటి మూలపడిన వాద్యాలను బాగుచేసి లండన్‌లో వాయించి వినిపించిన ఆర్నాల్డ్ డోల్మెచ్ అనే పనివాడిని కూడా మొదట్లోనే గుర్తించి మెచ్చుకున్నవాళ్లలో షా ఒకడు.

ఇన్ని చెప్పి బ్రామ్స్ సంగతి దాచిపెడితే న్యాయం కాదు. బ్రామ్స్ 'జర్మన్ రిక్వియమ్' మీద షా రాసినవి చదివితే ఇవాళ మనసు చివుక్కుమంటుంది. అది వినడం ఒక శిక్ష అన్నట్టు రాశాడు, ఒకసారి కాదు, వీలు చిక్కినప్పుడల్లా. ముసలితనంలో తన మాట వెనక్కి తీసుకున్నాడు. వాగ్నర్ పక్షాన నిలిచినవాడికి బ్రామ్స్ చెవికెక్కకపోవడం ఆనాటి తగాదాల్లో భాగం. ఆ వ్యాసాల్లో రెండింటిని నా సంపుటంలో పూర్తిగా చేర్చాను. తీసేయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. విమర్శకుడి చెవికి ఎక్కడ తలుపు మూసుకుందో కూడా పాఠకుడు చూడాలని వాటిని ఉంచాను.

ఇక్కడ మన వైపు తిరిగి ఒక మాట. షా లండన్‌లో కచేరీల మధ్య తిరుగుతున్న ఆ సంవత్సరాల్లోనే ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథలు చెబుతున్నారు. ఆయన 1864లో పుట్టారు, షా కంటే ఎనిమిదేళ్లు చిన్న. చేతులతో కాళ్లతో వేరువేరు తాళాలు వేస్తూ పాడిన ఆయన ప్రతిభ గురించి మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన గ్రంథాలున్నాయి, స్వీయచరిత్ర ఉంది. ఒకానొక రాత్రి విజయనగరంలో దాసుగారు గజ్జె కట్టి లేచి నిలబడిన దగ్గర నుంచి మంగళహారతి దాకా కథ ఎలా నడిచింది, గొంతు ఎక్కడ గర్జించింది, ఎక్కడ తగ్గి మాటగా మారింది, జనం ఎక్కడ నవ్వారు, ఎక్కడ గుడ్లనీరు కుక్కుకున్నారు అని వారం వారం కూర్చుని రాసే విమర్శకుడు మన పత్రికలకు అప్పట్లో లేడు. ఆ లోటు తీర్చడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. తర్వాత కాలంలో సంగీతం లోతు తెలిసి, తెలుగు వచనం మీద అధికారం ఉండి రాసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు మనకు ఉన్నారు. ఆయన వ్యాసాలు చదివినప్పుడల్లా ఈ దారిలో ఇంకా పదిమంది నడిచి ఉంటే అనిపిస్తుంది. ఇప్పుడు ప్రతి కచేరీ ఫోన్‌లో రికార్డవుతోంది కాబట్టి రాయడం ఎందుకు అంటారు కొందరు. రికార్డు శబ్దాన్ని దాస్తుంది. ఆ శబ్దం ఒక మనిషిని ఏం చేసిందో రికార్డులో ఉండదు. దాన్ని ఎవరో ఒకరు రాయాలి.

షా తన సమీక్షలను చాలాకాలం పట్టించుకోలేదు. 1932లో 'ద వరల్డ్' వ్యాసాలు మూడు సంపుటాలుగా, 1937లో 'ద స్టార్' వ్యాసాలు ఒక సంపుటంగా వచ్చాయి. ఆ చివరిదానికి ఎనభైకి చేరువైన వయసులో రాసిన ముందుమాటలో తల్లి గురించి, లీ గురించి, డబ్లిన్ ఇంటి గురించి మనసు విప్పి చెప్పాడు. ఆయన పోయాక, 1981లో డాన్ లారెన్స్ అనే సంపాదకుడు చెల్లాచెదురుగా ఉన్న సంగీత రచనలన్నీ గాలించి మూడు లావుపాటి సంపుటాల్లో పేర్చాడు. నా పని మొత్తం ఆ పునాది మీదే నిలబడింది. షా 1950లో కన్నుమూశాడు. మన చట్టం ప్రకారం 2011 నుంచి ఆయన జీవించి ఉండగా అచ్చయిన రచనలకు కాపీరైటు లేదు. ఆ వెసులుబాటు లేకపోతే తెలుగు సంపుటం ఇంత సులువుగా వచ్చేది కాదు.

మొదటి పుస్తకంలో చివరి అధ్యాయం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అది ఎడ్వర్డ్ ఎల్గర్‌తో స్నేహం. షా కాలమ్‌లు వస్తున్న రోజుల్లో చాలా భాగం ఎల్గర్ వూస్టర్ ప్రాంతంలో వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ బతికేవాడు. లండన్‌లో ఎవరికీ పెద్దగా తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఒక విందులో ఇద్దరూ కలిశారు. అప్పటికి ఎల్గర్ ఇంగ్లండు సంగీతానికే పెద్ద దిక్కు, షా జగమెరిగిన నాటకకర్త. ఎల్గర్ మాట్లాడింది నాటకాల గురించి కాదు. ఎప్పుడో చదివిన ఆ సమీక్షల్లోని ఛలోక్తులు ఆయనకు గుర్తున్నాయి. ఇంకా పేరు రాని ఒక వయొలిన్ పంతులు ఆ రాతలు చదివి అన్నేళ్లూ గుర్తుపెట్టుకున్నాడన్నమాట. సమీక్ష ఎవరి కోసం రాయాలి అన్న ప్రశ్నకు నాకు అంతకంటే మంచి సమాధానం కనిపించలేదు.

ఎల్గర్ 1930లో తన 'సెవర్న్ సూట్' షాకు అంకితమిచ్చాడు. భార్య పోయాక ఎల్గర్ పెద్ద రచనలు దాదాపుగా మానేశాడు. ఆయన చేత మూడో సింఫనీ రాయించమని 1932లో షా బి.బి.సి.కి ఉత్తరం రాసి వెంటపడ్డాడు. మన మాధ్యమం, రేడియో, ఆ మాట విన్నది. ఆ ఏడాది చివర వెయ్యి పౌండ్లకు ఒప్పందం కుదిరింది. ఎల్గర్ మొదలుపెట్టాడు, పూర్తి చేయలేకపోయాడు. 1934 ఫిబ్రవరిలో చనిపోయాడు. మిగిలిన చిత్తుప్రతుల నుంచి ఆంథొనీ పేన్ అనే స్వరకర్త దాన్ని పూర్తిచేశాడు. 1998 ఫిబ్రవరిలో బి.బి.సి. వాద్యబృందమే లండన్‌లో దాన్ని వాయించింది. ఒక విమర్శకుడి పట్టుదల ఒక సింఫనీకి కారణం కావడం సంగీత చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

రెండో పుస్తకం 1894 ఆగస్టుతో ఆగుతుంది. ఆ ఏడాది మే నెలలో సంపాదకుడు యేట్స్ చనిపోయాడు. ఆ సీజన్ ముగిసేదాకా రాసి షా విరమించుకున్నాడు. మళ్లీ ఎన్నడూ వారం వారం సంగీతం గురించి రాయలేదు.

పుస్తకం చేతికి వచ్చినవారు మొదటి పేజీ నుంచే చదవాలని నియమం లేదు. ముందు హామ్లెట్ వ్యాసం చదవండి, పది నిమిషాల్లో అయిపోతుంది. తర్వాత హాండెల్ వ్యాసం. అది చదివే ముందు చిన్న బృందం పాడిన 'మెసయా' కొంచెమైనా విని ఉంటే మంచిది. అడెలీనా పట్టీ మీద రాసిన వ్యాసాలు మాత్రం తీరిగ్గా చదవండి. ఆనాటి ఆపెరా మహారాణి ఆమె. నాటకం మధ్యలో చప్పట్లకు వంగి దండాలు పెట్టి, పాట మళ్లీ అందుకునే అలవాటును షా కడిగి పారేశాడు. ఆమె గొంతు మధ్యస్థాయిలోని సొగసును మాత్రం ఎప్పుడూ కాదనలేదు. ఆమె 1905లో, 62 ఏళ్ల వయసులో, వేల్స్‌లోని తన కోటలో గ్రామఫోనుకు పాడింది. ఆ రికార్డులు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. గరగర మధ్యనుంచే గొంతు వినిపిస్తుంది. వ్యాసం పక్కన పెట్టుకుని ఆ పాట వినండి. షా ఎక్కడ సరిగ్గా విన్నాడో, ఎక్కడ కటువుగా మాట్లాడాడో మీకే తెలుస్తుంది. మీ అభిప్రాయం నాతో కలవకపోయినా సరే, రాసి పంపండి. చదువుతాను.